పెత్తరమాస పిలుపు

అసుర సంధ్య!

పగలు చచ్చి, రాత్రి ఇంకా పుట్టని వేళ... పడమటి మేఘాలు గడ్డకట్టిన నెత్తురులా నల్లబడే వేళ! మెదక్ పట్టణం మీద ఉరుములు బండరాళ్ళలా దొర్లుతున్నాయి. మెరుపు మెరిసినప్పుడల్లా చర్చి గోపురం ఒక్క క్షణం తెల్లగా కనబడి మళ్ళీ చీకట్లో మునిగిపోతోంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై వారం దాటింది. బొగ్గు కదలక కరెంటు కోత. ఊళ్ళో ఒక్క దీపం లేదు. ఖిల్లా గుట్ట మీద ఎక్కడో గుడ్లగూబ కూసింది... ఒకసారి... రెండుసార్లు...

మూడో కూతకు దేవిక కళ్ళు తెరిచింది.

ఆ కళ్ళను చూసి అమరేందర్ గోడకు అతుక్కుపోయాడు. తొమ్మిదేళ్ళు కాపురం చేసిన భార్య కళ్ళు అతనికి తెలుసు. ఇవి అవి కావు. నల్లగుడ్డు ఎక్కడుందో తెలియని తెల్లటి పొరలు! మంచానికి కట్టిన చీరకొంగులు పటపటమని తెగిపోయాయి. ఆమె నడుము విల్లులా పైకి లేచింది.

"ఆకలి..."

అది మగవాడి గొంతు. ఎండిన బావి అడుగున రాళ్ళు ఒరుసుకున్నట్టున్న గొంతు.

"ఆకలైతుంది రా... ఎవర్నన్న పెట్టు... లేకుంటే దీన్నే తింటా... లోపల్నుంచి తింటా!"

అమరేందర్ తల్లి కిష్టవ్వ వేపమండతో కోడలి నుదుట కొడుతూ ఏడుస్తోంది. "బిడ్డా దేవికా... నేను బిడ్డా, మీ అత్తను... ఒక్కసారి నా దిక్కు సూడు బిడ్డా..."

దేవిక తల మెల్లగా అత్త వైపు తిరిగింది. నవ్వింది! ఆ నవ్వుకు ముసలామె చేతిలో వేపమండ జారిపోయింది.

ఇరవై ఒక్క రోజులుగా ఆ ఇంట్లో ఇదే తంతు. హైదరాబాదు పెద్ద దవాఖానలో తల నుంచి కాలి దాకా ఫోటోలు తీసి ఏమీ లేదన్నారు. మనసు డాక్టరు ఇచ్చిన మాత్రలు పగలంతా నిద్రపుచ్చేవి. సంధ్య పడగానే ఆ నిద్ర చిరిగిపోయేది. ఆమె ఎముకల గూడుగా మారిపోతోంది. చేతి గాజులు మోచేయి దాటి జారుతున్నాయి.

ఆ ముందురోజు, ఆమె మీది ఆశ అడుగంటిపోయిన వేళ, అమరేందర్ టైర్ల షాపుకు ఒక మనిషి వచ్చాడు.

తెల్లటి ధోవతి, చంకలో గొడుగు, నూనె రాసి దువ్విన జుట్టు. చూస్తే ఎవరింటికో పెళ్ళి సంబంధం చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి అనుకుంటారు. పేరు ఓంకారయ్య అని చెప్పాడు. మాట్లాడినంతసేపూ అతను ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు.

"నీ భార్యను పట్టిన దానికి ఆకలి తమ్మీ. ఆ ఆకలి తీరితే ఆమెను ఇడుస్తది. తీరకుంటే, వచ్చే అమాస, పెద్దల పెత్తరమాస, దాటదు ఆమె."

"ఏం పెట్టాలె? కోడినా, మేకనా? ఏదన్నా తెస్త."

ఓంకారయ్య చప్పుడు లేకుండా నవ్వాడు. "దోస్తులను."

బయట ఎవరైనా విన్నారేమోనని అమరేందర్ వీధిలోకి చూశాడు.

"పెత్తరమాస నాడు పొద్దుగూకే యాళ్లకు, పాపన్నపేట దాటినంక మంజీర ఇసుకలకు ఇద్దరు దోస్తులను తోలుకరా. కట్టేసి తెస్తే పనికిరారు. బెదిరిచ్చి తెస్తే పనికిరారు. నవ్వుకుంట రావాలె. నిన్ను నమ్మి రావాలె. నీ చేతితోని ఈ బూడిద కలిపిన ముద్ద తినాలె. గంతే."

"తింటే... వాళ్ళకేమైతది?"

"ఏంగాదు. జర జొరమొస్తది. రెండొద్దులకు లేసి తిరుగుతరు."

అబద్ధం! అమరేందర్‌కు ఆ క్షణమే తెలుసు. కానీ ఆశపడ్డ మనసు దాక్కోవడానికి ఎంత చిన్న కంతైనా చాలు. 'జర జొరమే' అన్న మాటలో అతను దూరి దాక్కున్నాడు. బూడిద పొట్లాన్ని జేబులో పెట్టుకున్నాడు. అది చొక్కాలోంచి గుండెకు చల్లగా తగిలింది... శవం చెయ్యి తగిలినట్టు!

&nbsp;

అమరేందర్‌కు ఒక పాత జీపు ఉంది. మిలటరీ వేలంలో కొన్నది. షాపు మూసిన తర్వాత రెండేళ్ళు దాని కింద పడుకుని నట్టు నట్టూ బిగించి, నాలుగు చక్రాలూ ఒకేసారి తిరిగేలా తయారుచేశాడు. తారు రోడ్డు వదిలేసి, రాళ్ళలో, వాగుల్లో, ఇసుకలో బండి నడుపుకుంటూ పోయి, ఎక్కడ పొద్దుగూకితే అక్కడ డేరా వేసుకుని పడుకోవాలని అతని కోరిక. ఆ ముచ్చట దోస్తులకు వందసార్లు చెప్పాడు. వాళ్ళకు ఎప్పుడూ తీరిక లేదు. ఇప్పుడు సమ్మె పుణ్యమా అని తీరికే తీరిక. అతని బతుకులో మచ్చలేని కోరిక అదొక్కటే. దాన్నే ఎరగా గాలానికి గుచ్చాడు.

ముందు కరుణాకర్ దగ్గరికి పోయాడు. కరుణాకర్ బస్సు డ్రైవరు. రాందాస్ చౌరస్తా దగ్గర దీక్షా శిబిరంలో గులాబీ కండువాతో కూర్చుని నినాదాలకు గొంతు కలుపుతున్నాడు. గొంతు బొంగురుపోయింది.

"అరె కరుణా, స్టీరింగ్ పట్టక ఎన్నొద్దులైంది?"

"యాది చెయ్యకురా. చేతులు గుంజుతున్నయి. నిన్న మా ఇంట్ల పీట మీద కూసొని గేర్లు మార్సిన తెలుసా?"

"పెత్తరమాస నాడు జీపు తీస్తున్న. మంజీర ఇసుకల్ల తోలుదాం. రాత్రికి ఆడనే డేరా. బగారన్నం, మటన్ నేను తెస్త. స్టీరింగ్ నీదే."

కరుణాకర్ కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళయ్యాయి. "పొద్దుగాల్ల పెద్దలకు బియ్యమిచ్చి వస్త. ఒట్టు పెట్టు, స్టీరింగ్ నాకేనని!"

అమరేందర్ ఒట్టు పెట్టాడు. స్నేహితుడి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు పెట్టాడు! ఆ చెయ్యి తీసుకున్నాక చాలాసేపు ప్యాంటుకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

వెస్లీ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. చర్చి వెనక వీధిలో ఉంటాడు. సర్కారు బడిలో లెక్కల పంతులు. ఏ పనికైనా ముందు పది ప్రశ్నలు వేసే మనిషి. అతని భార్య పెర్సిస్‌కు ఎనిమిదో నెల.

"నాకు జీపులు, ఇసుకలు పడవురా అమరా. పెర్సిస్‌ను ఇడిసిపెట్టి రాత్రి బయట ఉండలేను. మబ్బులు జూడు ఎట్లున్నయో."

"రెండేండ్ల సంది పిలుస్తున్న. ఒక్కసారి రారాదు?"

"కాన్పు కానీ. క్రిస్మస్ సెలవులల్ల పోదాం. అప్పుడైతే నేనే పిలుస్త."

అక్కడితో ఆపి ఉండవచ్చు. లేచి ఇంటికి వచ్చేసి ఉండవచ్చు. తర్వాత అమరేందర్ తన జన్మలో ఎన్ని వేలసార్లు ఆ నిమిషానికి తిరిగి వెళ్ళాడో! ఆ కుర్చీలోంచి లేచి, "సరేరా, క్రిస్మస్‌కు పోదాం" అని, చెప్పులు తొడుక్కుని వీధిలోకి నడిచినట్టు ఎన్నిసార్లు ఊహించుకున్నాడో...

కానీ ఆనాడు అతను లేవలేదు. తల దించుకుని, "ఇంట్ల ఉండలేకపోతున్నరా" అన్నాడు. "దేవికను చూసుకుంట... దినాం పొద్దుగూకంగనే... ఒక్క రాత్రి ఊపిరి పీల్చుకుంట. ఒక్కన్నే పోతే ఏం చేసుకుంటనో నాకే తెల్వది. నువ్వు పక్కన ఉంటే ధైర్యం."

ప్రతి మాటా నిజమే. అందుకే అంత పాపిష్టి అబద్ధం మరొకటి లేదు!

వెస్లీ మొహంలో రంగు మారింది. లోపలి గుమ్మంలో నిలబడి వింటున్న పెర్సిస్, నడుము మీద చెయ్యి వేసుకుని ముందుకు వచ్చింది. "పోయిరాండ్రి," అంది భర్తతో. "ఒక్క రాత్రికి నాకేం కాదు, మా అమ్మను పిలుసుకుంట. అన్న ఎంత చిక్కిపోయిండో సూడు. అన్నా, దేవికక్క కోసం దినాం ప్రార్థన చేస్తున్న. తగ్గుతది. మీరు దిగులు పడకుండ్రి."

అమరేందర్ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. అతని జేబులో పొట్లం కదిలింది... పురుగులా మెదిలింది!

&nbsp;

పెత్తరమాస రానే వచ్చింది. ఇంటింటా తంగేడు, గునుగు పూలతో ఎంగిలిపూల బతుకమ్మలు పేరుస్తున్నారు. అమరేందర్ వంటింట్లో తలుపు వేసుకుని బగారన్నం మూడు డబ్బాల్లో సర్దాడు. రెండింటిలో బూడిద కలిపాడు. ఆ రెండు మూతల మీద చిన్న గీతలు గీశాడు. గీత గీస్తుంటే పక్క గదిలోంచి దేవిక మూలుగు వినబడింది. ఆమె సొంత గొంతు. "అమరా... మంచినీళ్ళు..." పోయి తాగించాడు. ఆమె పెదవులు పగిలి నెత్తురు ఉబుకుతోంది. ఆ నెత్తురును తన బొటనవేలితో తుడిచి, ఆ వేలితోనే డబ్బాల మూతలు బిగించాడు.

మూడు గంటలకు జీపు బయలుదేరింది.

పాపన్నపేట దాటాక తారు రోడ్డు వదిలారు. కరుణాకర్ చేతిలో బండి పొగరుబోతు ఎద్దులా గెంతింది. గట్లు ఎక్కింది, వాగులో బానెట్ దాకా మునిగి లేచింది, బండరాళ్ళ మీద ఒక పక్కకు ఒరిగి ఒరిగి నిలిచింది. "చల్ బేటా, చల్!" అని కరుణాకర్ కేకలు. భయంతో కడ్డీని రెండు చేతులతో పట్టుకున్న వెస్లీ, వాగు దాటేసరికి తనకు తెలియకుండానే పకపకా నవ్వాడు. "ఏందిరా అమరా ఇది! ఇంత మస్తుంటదని ముందే చెప్పొద్దా?"

నవ్వుకుంటూ రావాలి... నమ్మి రావాలి...

అమరేందర్ వెనక సీట్లో డబ్బాల సంచిని పొట్టకు హత్తుకుని కూర్చున్నాడు. గాలి చల్లగా ఉన్నా అతని వీపు చెమటతో తడిసిపోయింది.

మంజీర రెండు పాయలుగా చీలిన చోట, నడుమ దిబ్బలా ఉన్న ఇసుకలో జీపు ఆగింది. నిర్మానుష్యం! అవతలి ఒడ్డున ఒంటరి తాటిచెట్టు మీద గద్దలు కూడా లేవు. నీళ్ళకు చప్పుడు లేదు. కప్పలకు కూడా గొంతు పోయినట్టుంది. ఎగువన ఎక్కడో కుంభవృష్టి కురుస్తోంది. దక్షిణాన ఆకాశం కాటుక కుండ బోర్లించినట్టు నల్లగా దిగింది. డేరా కట్టారు. సూర్యుడు మబ్బుల వెనక ఎర్రటి పుండులా వాచి కిందికి జారుతున్నాడు.

"ఆకలి దంచుతుంది. డబ్బాలు తియ్యి!" అన్నాడు కరుణాకర్.

అమరేందర్ డబ్బాలు తీశాడు. గీతలున్న రెండూ వాళ్ళ ముందు పెట్టాడు. చేతులు మోకాళ్ళ కింద పెట్టుకున్నాడు. కరుణాకర్ మూత తీసి, "వాసన జూడు!" అని ముద్ద కలిపాడు.

"ఆగురా," అన్నాడు వెస్లీ. "ప్రార్థన చేసి తిందాం."

కళ్ళు మూసుకున్నాడు. చేతులు జోడించాడు. మెల్లగా అన్నాడు. "ప్రభువా, ఈ అన్నం కోసం స్తోత్రం. ఈ అన్నం తెచ్చిన మా అమరేందర్ కోసం స్తోత్రం. ఆయన భార్యను ముట్టి బాగుచెయ్యి తండ్రీ. ఆయన బరువులో కొంత మా మీద పెట్టు..."

అంతే! అమరేందర్ గొంతులోంచి గాయపడ్డ మృగం అరిచినట్టు ఒక కేక వచ్చింది. ఎగిరి రెండు డబ్బాలనూ చేతులతో కొట్టాడు. ఒకటి నీళ్ళలో పడింది. రెండోది ఇసుకలో బోర్లా పడి, అన్నం మెతుకుల్లోంచి సన్నటి నల్లటి పొగ లేచింది!

"తినకుండ్రి! తినకుండ్రిరా! విషం... విషం కంటే పాడుది... నేనే కలిపిన!"

మొత్తం చెప్పాడు. ఓంకారయ్య, బూడిద, ఆకలి, జ్వరం అని చెప్పిన అబద్ధం, ఆ అబద్ధాన్ని తెలిసీ నమ్మిన తన మనసు... ఏడుస్తూ, ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాడు. కరుణాకర్ లేచి చెంప మీద కొట్టాడు. రెండో చెంప మీద కొట్టాడు. "నా నెత్తి మీద చెయ్యి పెట్టినవ్ కదరా! నా నెత్తి మీద!" అతని కళ్ళలో నీళ్ళు.

వెస్లీ కొట్టలేదు. "పెర్సిస్ ముందట కూసొని అడిగినవ్," అన్నాడు అంతే. ఆ మాటకంటే చెంపదెబ్బలే నయం.

"పోదాం," కరుణాకర్ జీపు వైపు పరిగెత్తాడు. తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారి దగ్గి, చచ్చిపోయింది. మళ్ళీ తిప్పాడు. చప్పుడే లేదు.

అంతలో ఒక నవ్వు వినబడింది!

తాటిచెట్టు దిక్కు నుంచి, మోకాలి లోతు నీళ్ళలో, గొడుగు లేకుండా, ధోవతి గోచీ బిగించి ఓంకారయ్య వస్తున్నాడు. ఒళ్ళంతా భస్మం. నుదుట నెత్తుటి బొట్టు. ఎడమ అరచేతిలో... కపాలం! పుచ్చిన పళ్ళతో, సిందూరం పూసిన నుదురుతో, కళ్ళగుంతల్లో రెండు నీలిమంటలతో వెలుగుతున్న మనిషి పుర్రె!

"ఓం హ్రీం... ఫట్! ఫట్! ఫట్!"

దిక్కులు దద్దరిల్లాయి. కరుణాకర్ జీపు వదిలి స్నేహితుల పక్కకు ఉరికాడు. ముగ్గురి కాళ్ళూ మడమల దాకా ఇసుకలో దిగిపోయాయి. లాగినా రావు. కింద ఎవరో పట్టుకున్నట్టు!

"పిలిచి తెచ్చినోడివి, పెట్టనీకి చెయ్యి రాలేదా?" ఓంకారయ్య దిబ్బ ఎక్కాడు. "నీ భార్య ఒంట్లకెల్లి దాన్ని ఇప్పుడే ఇవతలికి గుంజిన. ఈ పుర్రెల కూసొని ఉంది, ఆకలితోని. పొద్దు మునిగేలోపల దానికి తిండి వడాలె. లేకుంటే మళ్ళ పోయి నీ దేవికను నమిలి మింగుతది. ఒక ముద్ద మిగిలింది సూడు, ఇసుకల. ఎవడో ఒగనికి పెట్టు. ఒక్కడు సాలు!"

"ఆమెకు అది ఎట్ల పట్టింది? ఆమె నీకేం జేసింది?" అమరేందర్ అరిచాడు.

"దాహమైతుందంటే గిలాసల నీళ్ళిచ్చింది. గిలాస తిరిగిచ్చేటప్పుడు చిటికెడు వేసిచ్చిన. పుణ్యాత్మురాలు." ఓంకారయ్య కపాలాన్ని ముద్దుగా నిమిరాడు. "దోస్తును అమ్ముకునేటోడు ఏడికెల్లి దొరుకుతడు మరి? కష్టం తెస్తెనే దొరుకుతడు. నేనూ ఇరవై ఏండ్ల కింద చేపలు వడదాం రమ్మని నా దోస్తు లక్ష్మయ్యను ఈ ఇసుకలకే పిలిచిన. నవ్వుకుంట వచ్చిండు. గిది వాని తలకాయనే! మొండెం ఈడనే పూడ్చిన, మన కాళ్ళ కింద. ఇరవై ఏండ్ల సంది వాడు నా బంటు. నా మాట దాటడు!"

మెరుపు మెరిసింది. ఆ వెలుగులో అమరేందర్ స్నేహితుల మొహాలు చూశాడు. భయంతో పాలిపోయిన మొహాలు. ఆ రెండు మొహాలనూ ఇక్కడికి తెచ్చింది తన నాలుక. తన నాలుకే!

వంగాడు. ఇసుకలో పడిన ముద్దను తీశాడు. ఓంకారయ్య కళ్ళు ఆశగా మెరిశాయి.

అమరేందర్ ఆ ముద్దను తన నోట్లో పెట్టుకున్నాడు.

"ఒరేయ్!" ఓంకారయ్య గావుకేక పెట్టాడు. "నువ్వు గాదు! పిలిచినోడు పనికిరాడు! నమ్మినోడు గావాలె!"

"నిన్ను నమ్మే వచ్చిన కదా," అన్నాడు అమరేందర్. గొంతులో నిప్పు దిగింది. కడుపులో వేయి పాములు ఒక్కసారిగా పడగలు విప్పాయి. చూపు మసకబారింది. వెల్లకిలా పడిపోయాడు. దూరంగా, ఎక్కడో నీళ్ళ అడుగునుంచి, కరుణాకర్ తిట్లు వినబడుతున్నాయి.

కరుణాకర్ నడుము దాకా వంగి అతని జుట్టు పట్టి లాక్కున్నాడు. దవడలు విడదీసి రెండు వేళ్ళు గొంతు దాకా దూర్చాడు. "కక్కురా! కక్కు, దొంగ నా కొడకా! చస్తే ఊకుంటనా నిన్ను?" వెస్లీ అతని వీపు మీద పిడికిలితో కొడుతున్నాడు. అమరేందర్ భళ్ళున కక్కాడు. నల్లటి ముద్ద ఇసుకలో పడి బుసబుసమంటూ ఇగిరిపోయింది.

అప్పుడు మంజీర గర్జించింది.

ఆ గర్జన ఉరుముది కాదు! ఎగువ వానకు ఉప్పొంగిన నది, వేయి గుర్రాల సైన్యంలా, నురుగుల జడలు విరబోసుకుని దిబ్బ మీదికి విరుచుకుపడింది. మెరుపులో అమరేందర్‌కు ఆ నీటిగోడ మధ్య ఒక మహారూపం కనబడింది... పసుపు పూసిన నుదురు, నిప్పుల కళ్ళు! కనబడి మాయమైంది. తన చిన్నప్పుడు కిష్టవ్వ చెప్పే గంగమ్మ తల్లేనా? ఆ తల్లికి తన ఒళ్ళో దాచిన శవం లెక్క తెలియదా!

ఇసుక కోసుకుపోయింది. ముగ్గురి కాళ్ళకు పట్టు వదిలింది. దిబ్బ నడుమ పెద్ద గొయ్యి తెరుచుకుంది. ఆ గొయ్యిలోంచి లేచింది... తల లేని అస్థిపంజరం!

పక్కటెముకల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. వేళ్ళు విచ్చుకుంటూ ముడుచుకుంటూ, దేనికోసమో గాలిలో తడుముకుంటున్నాయి.

"ఆగు! లక్ష్మయ్యా, ఆగు! ఆన! నా ఆన!" ఓంకారయ్య గొంతు చీలింది. మంత్రాలు తడబడ్డాయి. ఒక మాట మరో మాటను మింగేసింది. అతని చేతిలో కపాలం దానంతట అదే తిరిగింది. పుచ్చిన పళ్ళు తెరుచుకున్నాయి.

"ఓంకారీ..." అదే గొంతు! ఇన్నాళ్ళూ ప్రతి సంధ్యా దేవిక నోట విన్న గొంతు. కానీ ఇప్పుడు అందులో ఆకలి లేదు. ఒక స్నేహితుడి పిలుపు మాత్రమే ఉంది. "చేపలు వడదాం రా... ఓంకారీ... రా..."

ఎముకల చేతులు ముందుకు సాగాయి. ఒకటి తన తలను అందుకుంది. రెండోది ఓంకారయ్య మెడను అందుకుంది. నలభై ఊళ్ళను వణికించిన క్షుద్రోపాసకుడి ఆర్తనాదం, నురుగు నీళ్ళలో బుడగలై, బుడగలు బుడగలై, ఆగిపోయింది!

జీపు కూడా కొట్టుకుపోయింది. ముగ్గురూ ఒకరి నడుము ఒకరు పట్టుకుని, ఈది, పాకి, ఒడ్డు చేరారు. చేరిన మరుక్షణం కరుణాకర్ అమరేందర్ నడుము మీది నుంచి చెయ్యి తీసేశాడు.

&nbsp;

ఇంటికి చేరేసరికి దేవిక మంచం మీద లేచి కూర్చుని ఉంది. కిష్టవ్వ ఆమెకు గంజి తాగిస్తోంది. సరిగ్గా పొద్దుగూకే వేళ ఒక్క కేక వేసి పడిపోయిందని, లేచి, "అత్తమ్మా, ఆకలైతుంది" అని తన గొంతుతో అడిగిందని ముసలామె ఏడుస్తూ నవ్వుతూ చెప్పింది.

మూడో రోజు దిగువన చేపలు పట్టేవాళ్ళ వలలో ఓంకారయ్య శవం దొరికింది. మెడ చుట్టూ ఎముకల వేళ్ళు బిగుసుకుని ఉన్నాయట. విడదీయడం ఎవరికీ చేతకాక, అలాగే కాల్చారట.

దేవికకు ఒళ్ళు కుదుటపడ్డాక అమరేందర్ అంతా చెప్పాడు. దాచలేకపోయాడు. ఆమె మంచం దిగి అతనికి ఎదురుగా నిలబడింది. "నన్ను అడిగినవా?" అంది. "ఇద్దరి ప్రాణం తీసి నీ ప్రాణం తెస్త, ఉంటవా అని నన్ను అడిగినవా? పెర్సిస్ మొకం నేనెట్ల సూడాలె ఇప్పుడు?"

ఆమె బతికి ఉన్నందుకు ప్రతి ఉదయం అతని గుండె నిండేది. ఆ వెంటనే, ఆ నిండుదనానికే సిగ్గేసేది.

సమ్మె ముగిసింది. కరుణాకర్ మళ్ళీ బస్సెక్కాడు. చౌరస్తాలో అమరేందర్ కనబడితే హారన్ కొట్టి, జనాన్ని తప్పించినట్టే తప్పించి, అద్దంలోకి కూడా చూడకుండా వెళ్ళిపోయేవాడు.

డిసెంబరులో వెస్లీ నుంచి కబురు వచ్చింది. ఆడపిల్ల. ఆదివారం చర్చిలో బాప్తిస్మం. 'ఇద్దరూ రావాలె' అన్నాడట.

అమరేందర్ లోపలికి పోలేదు. దేవికను పంపి, బయట మెట్ల దగ్గర నిలబడ్డాడు. పాటలు అయిపోయాయి. జనం బయటికి వచ్చారు. వెస్లీ నేరుగా అతని దగ్గరికి వచ్చి, తెల్లటి శాలువాలో చుట్టిన పసిదాన్ని అతని చేతుల్లో పెట్టాడు.

అంత తేలికైన బరువు అతను ఎన్నడూ మోయలేదు. పిల్ల ఆవలించింది. అతని కళ్ళు నిండిపోయాయి. "ఎత్తుకోరా, ఏం గాదు," అన్నాడు వెస్లీ.

పెర్సిస్ అడుగు దూరంలో నిలబడింది. మొహంలో కోపం లేదు. "బాగున్నరా అన్నా?" అని కూడా అడిగింది. కానీ ఆమె రెండు చేతులూ దోసిలి పట్టినట్టు ముందుకు చాచి, అతని చేతుల కిందే ఉన్నాయి. పిల్లను తిరిగి ఇచ్చేదాకా, ఒక్క క్షణం కూడా, అవి అక్కడి నుంచి కదలలేదు.